ఆసుపత్రి ఫారంలో 'రేస్' గడి: అమ్మ క్యాన్సర్ కేసు ఎవరి లెక్కలో చేరుతుంది?

ప్రశ్న: ఎడిసన్ వాసి

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాన్నగారు పోయాక తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అమ్మకు, అరవై ఎనిమిదో ఏట, ఈ మార్చి నెలలో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రెండో స్టేజి అన్నారు. ఆపరేషన్ అయింది, రేడియేషన్ నడుస్తోంది, మనిషి ధైర్యంగానే ఉంది. వైద్యం గురించి నాకు సందేహాలేమీ లేవు. నా ప్రశ్న వేరు.

పోయిన వారం బీమా కాగితాల కోసం ఆసుపత్రి పోర్టల్ తెరిచి అమ్మ వివరాలు చూస్తుంటే, రేస్ (జాతి) అన్న చోట 'అమెరికన్ ఇండియన్ లేదా అలాస్కా నేటివ్', అంటే ఈ దేశపు ఆదివాసీ, అని కనిపించింది. ఇది ఎలా జరిగిందో నాకు వెంటనే గుర్తుకొచ్చింది. మొదటిరోజు రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి పేరు, పుట్టినతేదీ, బీమా కార్డు అడిగి, తలెత్తి ఒకసారి అమ్మ వంక చూసి, "ఇండియనే కదా?" అని నన్ను అడిగింది. అవునన్నాను. ఆమె మౌస్ కదిపి ఏదో నొక్కింది, అమ్మ మణికట్టుకు పట్టీ వేసింది, అక్కడితో అయిపోయింది. ఆ రోజు మా మనసు ఉన్న స్థితిలో తెర మీద ఏముందో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. పక్కనే కూర్చున్న అమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఇందులో నా తప్పూ ఉందేమోనని అనిపిస్తోంది. పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఏ ఫారం నింపినా ఆ గడి దగ్గర 'చెప్పదలచుకోలేదు' అని టిక్కు పెట్టడమే నాకు అలవాటు. వైద్యం మనిషికి చేయాలి గాని జాతికి కాదని నా ఉద్దేశం. కానీ అమ్మ జబ్బు తర్వాత కొంత చదవడం మొదలుపెట్టాను. నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ రావడం తెల్లజాతి స్త్రీల కంటే కాస్త తక్కువే అయినా, దానివల్ల చనిపోవడం మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ అని చదివాను. ఆ ఒక్క వాక్యం వెనుక ఎవరో ఎక్కడో లక్షలమంది రేస్ గడులను కూడి ఉండాలి కదా అనిపించింది. మరి మనవాళ్ల సంగతి ఎవరు కూడుతున్నారు? ఎక్కడ వెతికినా 'ఏషియన్' అన్న ఒక్క వరుసే కనిపిస్తోంది తప్ప, అందులో మనం ఎంతమందిమో, ఏ వయసులో ఏ స్టేజిలో బయటపడుతున్నామో తెలియడం లేదు.

తెలిసినవారు దయచేసి చెప్పండి. ఆ గడిలో రాసినది అసలు ఎక్కడికి వెళ్తుంది? అమ్మ పేరు కింద పడిన తప్పు వల్ల ఎవరికైనా నష్టం ఉందా? ఆసుపత్రి వాళ్ల వెంటపడి దిద్దించేంత విషయమేనా ఇది?

జవాబు: డల్లాస్ రిజిస్ట్రార్

నమస్కారం. ముందుగా మీ అమ్మగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మీ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే ఆ గడి చివరికి వచ్చి చేరేది నాలాంటి వాళ్ల బల్ల మీదకే. ఒక ఆసుపత్రి క్యాన్సర్ రిజిస్ట్రీలో, అంటే క్యాన్సర్ కేసులను నమోదు చేసే విభాగంలో, పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మమ్మల్ని ట్యూమర్ రిజిస్ట్రార్లు అంటారు. ఈ మధ్యే, 2024లో, మా సర్టిఫికెట్ పేరు ఆంకాలజీ డేటా స్పెషలిస్ట్ అని మార్చారు.

అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా క్యాన్సర్ తేలితే ఆసుపత్రి దాన్ని రాష్ట్ర రిజిస్ట్రీకి తెలియజేసి తీరాలి, అది చట్టం. 1971 నాటి జాతీయ క్యాన్సర్ చట్టం తర్వాత, 1973 జనవరి నుంచి జాతీయ క్యాన్సర్ సంస్థ వారి 'సీర్' కార్యక్రమం కొన్ని ప్రాంతాల్లో కేసులు నమోదు చేయడం మొదలుపెట్టింది. మిగిలిన రాష్ట్రాలకు 1992 చట్టంతో కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిధులు అందాయి. మేము ఒక్కొక్క రోగి ఫైలు తెరిచి, పాథాలజీ రిపోర్టు, స్కాన్లు, డాక్టర్ల నోట్లు చదివి, ఆ మనిషి జబ్బు కథంతా కోడ్లలోకి దించుతాం. కణితి ఎక్కడ, ఎంత సైజు, ఏ స్టేజి, ఏ మందు, ఏ తేదీన అన్నవన్నీ అందులో ఉంటాయి. రేస్ కూడా అలాంటి ఒక కోడే. తెల్లజాతికి 01, నల్లజాతికి 02, అమెరికన్ ఇండియన్లకు 03, చైనీయులకు 04, అలా సాగుతుంది. మనకు ఒకప్పుడు పాకిస్తానీలతో కలిపి 09 ఉండేది. 2010 నుంచి ఏషియన్ ఇండియన్‌కు 16, పాకిస్తానీకి 17 విడిగా ఇచ్చారు. రెండిట్లో ఏదో తేలకపోతే 15. ఉత్త 'ఏషియన్' అని మాత్రమే ఉంటే 96. ఏమీ తెలియకపోతే 99.

స్టేజి తప్పు పడిందేమోనని పట్టుకోవడానికి పాథాలజీ రిపోర్టు ఉంది. రేస్ తప్పు పడితే పట్టుకోవడానికి నా దగ్గర దాదాపు ఏమీ ఉండదు. మొదటి పేజీలో కౌంటర్ దగ్గర ఏది నొక్కారో అదే ప్రాణం. పేరు చూసి రేస్ ఊహించకూడదని మా నియమావళి స్పష్టంగా చెబుతుంది, అది సబబే. 'ఏషియన్' అని ఉండి, పుట్టిన దేశం భారత్ అని ఇంకోచోట కనిపిస్తే 16 వేయవచ్చు. అందుకే నోట్లన్నీ తిరగేస్తాను. రెండేళ్ల క్రితం ఒక పెద్దాయన ఫైలు వచ్చింది, కాలేయ క్యాన్సర్. మొదటి పేజీలో రేస్ 'ఇతర', పుట్టిన చోటు ఖాళీ. డాక్టర్ల నోట్లు అన్నీ చదివాను, ఎక్కడా లేదు. చివరికి రాత్రి డ్యూటీ నర్సు రాసిన ఒక వాక్యం దొరికింది. ఆయన ఆర్నెల్ల కిందట ఇండియా నుంచి కూతురి ఇంటికి వచ్చారనీ, తెలుగు తప్ప మాట్లాడరనీ, రాత్రంతా నిద్రపోకుండా కూతురి కోసం అడుగుతున్నారనీ ఆమె రాసింది. ఆ ఒక్క వాక్యం వల్ల ఆయన 16 కింద చేరారు. ఆ నర్సు తీరిక లేక రాయకపోయి ఉంటే, ఆయన ఎవరో ఈ దేశపు లెక్కల్లో ఎప్పటికీ తేలేది కాదు.

ఉత్త 96 అని మిగిలిపోయిన కేసులను రాష్ట్రస్థాయిలో ఒక కంప్యూటర్ ప్రోగ్రాము మళ్లీ పరిశీలిస్తుంది. పుట్టిన దేశాన్నీ, ఇంటిపేరునూ, మనిషి పేరునూ జాబితాలతో పోల్చి, ఈయన వియత్నామీయుడు, ఈమె భారతీయురాలు అని అంచనా వేస్తుంది. కానీ మన పేర్ల సంగతి మీకు తెలియనిదేముంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఇంకోచోట తారుమారై ఉంటాయి. 'రావు' అన్న అక్షరాలు చైనీయుల ఇంటిపేర్లలోనూ ఉన్నాయి. గుంటూరు షేక్ కుటుంబం పేరు చూసి ఏ దేశమని చెబుతారు? తెనాలిలోనే తరతరాలుగా ఉన్న క్రైస్తవ కుటుంబంలో మేరీ, పాల్, జోసెఫ్ అన్న పేర్లుంటే ఆ ప్రోగ్రాముకు భారతదేశం కనబడదు. పైగా మీ అమ్మగారి విషయంలో అది అసలు అక్కరకు రాదు. ఆమెకు పడినది 96 కాదు, 03. అది తప్పని అనుమానించే కారణమే ఆ ప్రోగ్రాముకు లేదు.

ఇంకొక్క మాట. రేస్‌తో పాటు పుట్టిన దేశం గడిని కూడా నింపించండి. బతికున్న రోగుల ఫైళ్లలో ఆ గడి తరచూ ఖాళీగా ఉంటుంది. మనిషి చనిపోయాక మరణ ధ్రువపత్రంలో పుట్టిన చోటు రాస్తారు కాబట్టి, అప్పుడు రిజిస్ట్రీకి తెలుస్తుంది. అంటే పుట్టిన దేశం తెలిసినవారిలో చనిపోయినవారే ఎక్కువగా ఉంటారు. ఆ డేటాతో వలస వచ్చినవారు ఎన్నాళ్లు బతుకుతున్నారని లెక్కవేస్తే, నిజానికి ఉన్నదానికంటే ఆయుష్షు తక్కువగా కనబడుతుంది. ఈ విషయం మొదటిసారి అర్థమైనప్పుడు నాకు చాలా బాధ కలిగింది. కోలుకుని ఇంటికి వెళ్లినవాళ్లను ఎక్కడ పుట్టారని మనం అడగనే లేదు.

జవాబు: బాల్టిమోర్ నుంచి

డల్లాస్ రిజిస్ట్రార్ గారు చెప్పినదానికి కొనసాగింపుగా, ఆ కోడ్లు తర్వాత ఏమవుతాయో చెబుతాను. నేను క్యాన్సర్ గణాంకాల మీద పనిచేస్తాను.

ఏ క్యాన్సర్ రేటైనా ఒక భిన్నం. లవంలో రిజిస్ట్రీ నుంచి వచ్చిన కేసులు, హారంలో సెన్సస్ నుంచి వచ్చిన జనాభా. చిక్కంతా ఇక్కడే ఉంది. హారంలో తన జాతి ఏమిటో మనిషి తానే ఇంట్లో కూర్చుని రాసుకున్నాడు. లవంలో అదే మనిషి జాతిని కౌంటర్ దగ్గర ఇంకెవరో ముఖం చూసి నిర్ణయించారు. ఈ రెండూ ఒకటి కానప్పుడు వచ్చే రేటు జబ్బును కొలవడం లేదు, నమోదులోని తేడాను కొలుస్తోంది. 2020 సెన్సస్‌లో ఏషియన్ ఇండియన్ అని మాత్రమే రాసుకున్నవారు దాదాపు 44 లక్షలు, ఒకే మూలం రాసుకున్న ఏషియన్లలో అదే అతిపెద్ద సమూహం. అంతటి హారం కింద ఉంటే, లవంలో కొన్ని వేల కేసులు 96 లోనో 99 లోనో మిగిలిపోయాయనుకోండి. మన రేటు ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. తక్కువ రేటు చూసిన అధికారి ఈ జనానికి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదని అనుకుంటాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు, అంకె అలా చెప్పింది కాబట్టి అంతే.

'ఏషియన్' అన్న ఒక్క వరుస గురించి మీరు అడిగారు. ఆ వరుస చాలాకాలంగా మంచి కన్నా చెడే ఎక్కువ చేసిందని నా అభిప్రాయం. అందులో కొరియన్లు, జపనీయులు ఉన్నారు, వాళ్లలో కడుపు క్యాన్సర్ ఎక్కువ. హెపటైటిస్ బి వల్ల కాలేయ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న వియత్నామీయులు, లావోస్, కంబోడియా వాళ్లు ఉన్నారు. దక్షిణ చైనా నుంచి వచ్చినవారిలో ముక్కు వెనుక భాగంలో వచ్చే క్యాన్సర్ కనిపిస్తుంది. మనలో వీటికంటే నోటి క్యాన్సర్ గురించి ఎక్కువ ఆలోచించాలి. ఇన్నిటినీ కలిపి సగటు తీస్తే, అన్ని క్యాన్సర్లూ తక్కువే ఉన్న ఆరోగ్యవంతులైన జనం అన్న బొమ్మ వస్తుంది. ఆ బొమ్మలాంటి మనిషి ఎక్కడా ఉండడు.

విడదీసి చూస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ ఒకటుంది. 1988 నుంచి 1992 వరకు సీర్ సేకరించిన కేసులను జాతుల వారీగా, ఏషియన్లను కూడా విడివిడిగా చూపుతూ 1996లో ఒక నివేదిక వేశారు. అందులో వియత్నామీ స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రేటు లక్షకు 43గా తేలింది, తెల్లజాతి స్త్రీల రేటుకు దాదాపు ఐదు రెట్లు. అంతకుముందు ఆ అంకె 'ఏషియన్' సగటులో మునిగి ఉంది, ఎవరికీ కనబడలేదు. అది బయటపడ్డాక కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో వియత్నామీ సంఘాలు, వైద్యులు కలిసి, సీడీసీ నిధులతో, తమ భాష మాట్లాడే మహిళా కార్యకర్తలను ఇంటింటికీ పంపారు. స్త్రీలు ఆ క్యాన్సర్‌ను ముందే పట్టే పాప్ పరీక్ష చేయించుకోవడానికి ప్రత్యేకంగా ఒక క్లినిక్ తెరిచారు. అక్కడ జరిగిన పనంతా ఆ ఒక్క అంకె చేతికి వచ్చాకే మొదలైంది.

చట్టం విషయం క్లుప్తంగా చెబుతాను. 1970 సెన్సస్‌లో మనల్ని తెల్లవాళ్లలో కలిపారు. భారతీయ సంఘాలు కోరిన మీదట 1977లో జాతుల వర్గీకరణకు వచ్చిన కేంద్ర ప్రభుత్వ ప్రమాణంలో ఏషియన్లుగా చేర్చారు, 1980 సెన్సస్ నుంచి 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం ప్రకారం ప్రభుత్వ ఆరోగ్య సర్వేలలో జాతితో పాటు భాష కూడా అడగాలి. కాలిఫోర్నియాలో 2016లో, న్యూయార్క్‌లో 2021లో ఏషియన్ సమూహాలను విడదీసి చూపాలని చట్టాలు వచ్చాయి. 2024 మార్చిలో ఆ 1977 ప్రమాణాన్ని మరోసారి సవరించి, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వారికి విడిగా గడి ఇచ్చారు, ఏషియన్ అన్న మాట కింద చైనీయులు, భారతీయులు, ఫిలిపినోలు మొదలైన వివరాలను మామూలుగానే అడగాలన్నారు. ప్రభుత్వ శాఖలు దీన్ని అమలు చేయడానికి ఏళ్ల గడువు ఉంది. కానీ మీ ఆసుపత్రి కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఆ ప్రశ్న ఎలా అడగాలో ఎవరైనా నేర్పకపోతే, ఈ ప్రమాణాలన్నీ వాషింగ్టన్‌లో కాగితాల మీదే ఉంటాయి.

విడదీయడానికి కూడా ఒక హద్దు ఉందని ఒప్పుకోవాలి. కేసుల సంఖ్య పదహారు కంటే తక్కువ ఉన్న చోట రేటు ప్రచురించరు. అంత చిన్న సంఖ్యలో ఒకటి రెండు కేసులు అటూ ఇటూ అయినా రేటు ఊగిపోతుంది, చిన్న ఊళ్లో అయితే ఆ రోగి ఎవరో గుర్తుపట్టే ప్రమాదమూ ఉంది. అందుకే కొన్నేళ్ల కేసులను కలిపి, కొన్ని రాష్ట్రాలను కలిపి చూపుతారు. తెలుగువాళ్లను విడిగా చూడగలమా అని నన్ను చాలామంది అడుగుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎంతమందో సెన్సస్ వారి వార్షిక సర్వే చెబుతుంది, అంటే హారం కొంతవరకు ఉంది. రేస్ కోడ్లలో భాషకు చోటు లేదు కాబట్టి లవం లేదు. అది ఉంటే ఎంత బాగుంటుందో చెప్పడానికి ఒక విషయం చాలు. శ్రీకాకుళం, విశాఖ తీరాన కొందరు స్త్రీలు చుట్టను నిప్పు నోటి లోపలికి వచ్చేలా తిప్పి కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు యాభై ఏళ్లకు పైగా రాస్తున్నారు. 'సిగరెట్ తాగుతారా?' అన్న ప్రశ్నకు ఆ తల్లి 'లేదు' అనే చెబుతుంది, అది నిజమే. వక్క, గుట్కా నమిలేవారూ లేదనే అంటారు. వక్క ఒంటరిగా కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వర్గీకరించింది. రోగి ఎక్కడి నుంచి వచ్చారో తెలిస్తే తప్ప సరైన ప్రశ్న అడగాలని డాక్టరుకు తోచదు.

జవాబు: ఫ్రీమాంట్ నుంచి

ఇంత శ్రద్ధగా రాసిన ఇద్దరికీ కృతజ్ఞతలు. అయినా నా సందేహం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే 'చెప్పదలచుకోలేదు' అని నేనూ టిక్కు పెడతాను, దానికి కారణం బద్ధకం కాదు.

ఈ దేశంలో జాతి లెక్కలను అన్నిసార్లూ మేలుకే వాడలేదు. 1942లో పశ్చిమ తీరంలో జపాన్ మూలాలున్న కుటుంబాలు ఏ ప్రాంతాల్లో ఎంతమంది ఉన్నారో సైన్యానికి చూపినవి 1940 సెన్సస్ లెక్కలే, దాదాపు లక్షా ఇరవై వేలమందిని ఇళ్ల నుంచి ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. టస్కెగీలో 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ ఆరోగ్య శాఖే సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ వచ్చాక కూడా, వైద్యం ఇవ్వకుండా గమనిస్తూ కూర్చుంది. వీసా మీద ఉన్నవాళ్లు, తల్లిదండ్రులను పిలిపించుకున్నవాళ్లు పుట్టిన దేశం గడి చూసి వెనకాడితే వాళ్లను తప్పు పట్టగలమా? పైగా జాతి పేరు రాసుకుంటే, జబ్బుకు కారణం ఆ జాతి రక్తంలోనే ఉందని జనం అనుకోవడం మొదలుపెడతారు. డబ్బు లేకపోవడం, బీమా లేకపోవడం, భాష రాక స్క్రీనింగుకు వెళ్లకపోవడం పక్కకు పోతాయి. ఈ భయాలకు జవాబు లేకుండా గడి నింపమని చెప్పడం నాకు సమంజసంగా తోచడం లేదు.

జవాబు: ఓక్లహోమా డాక్టరు, విశ్రాంతి

ఫ్రీమాంట్ గారి సందేహాన్ని నేను గౌరవిస్తాను. ఆయన చెప్పిన చరిత్ర అంతా నిజం. నేను ఈ దేశపు ఆదివాసీ తెగలకు వైద్యం చేసే ఒక ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు పనిచేశాను, అంటే లెక్కల వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవారి మధ్య. అరిజోనాలో హవాసుపాయ్ తెగవారు మధుమేహం పరిశోధన అని నమ్మి ఇచ్చిన రక్తాన్ని వాళ్లకు చెప్పకుండా ఇతర పరిశోధనలకు వాడినందుకు దావా వేశారు, 2010లో రాజీ కుదిరింది. అయినా నేను ఎరిగిన తెగల పెద్దలు చివరికి పట్టుబట్టినది తమను లెక్కించవద్దని కాదు, ఆ లెక్క తమ చేతిలో ఉండాలని.

ఎందుకో చెబుతాను. ఆదివాసీలు బయటి ఆసుపత్రికి వెళ్తే కౌంటర్ దగ్గర వాళ్లను తెల్లవాళ్లుగానో, ఇంకేదోగానో రాసేవారు. చనిపోయినప్పుడు అంత్యక్రియల సంస్థవారు మరణపత్రంలో అలాగే రాసేవారు. సెన్సస్‌లో ఆదివాసీలుగా చెప్పుకున్నవారితో మరణపత్రాలను పోల్చిన అధ్యయనాల్లో, వారిలో దాదాపు 40 శాతం మందిని మరణపత్రంలో వేరే జాతిగా రాసినట్లు బయటపడింది. తెల్లజాతి, నల్లజాతి వారి విషయంలో ఆ తేడా లేనట్టే. దాంతో ఆదివాసీలకు క్యాన్సర్ తక్కువ అని ఎన్నో ఏళ్లు పుస్తకాల్లో రాశారు. రాష్ట్ర రిజిస్ట్రీలను, ఆదివాసీలకు వైద్యం అందించే ప్రభుత్వ సంస్థ ఇండియన్ హెల్త్ సర్వీస్ రోగుల జాబితాలతో పోల్చి సరిచేశాకే మూత్రపిండం, కాలేయం, కడుపు, పెద్దపేగు క్యాన్సర్ల అసలు భారం కనబడింది. అలాస్కాలో 1969 నుంచి ఉన్న కేసులతో అక్కడి ఆదివాసీలకు తమదైన రిజిస్ట్రీ ఉంది. ప్రపంచంలో నమోదైన పెద్దపేగు క్యాన్సర్ రేట్లలో వాళ్లదే అత్యధికమైన వాటిలో ఒకటి అని దాని వల్లే తెలిసింది. దేశమంతా ఒకప్పుడు యాభయ్యో ఏట, ఇప్పుడు నలభై ఐదో ఏట ఆ క్యాన్సర్ పరీక్ష మొదలుపెట్టమంటుంటే, అక్కడి తెగల ఆరోగ్య సంస్థ నలభయ్యో ఏటే మొదలుపెట్టమంటోంది.

ఎడిసన్ గారూ, ఇప్పుడు మీ అమ్మగారి సంగతికి వస్తాను. 'ఇండియన్' అన్న ఒక్క మాట వల్ల ఆమె మన లెక్కలోంచి పోవడమే కాదు, వాళ్ల లెక్కలో చేరారు. న్యూజెర్సీలో ఆదివాసీ జనాభా చాలా తక్కువ, మన జనాభా చాలా ఎక్కువ. మనవాళ్ల కేసులు కొన్ని అటు పడితే చాలు, అక్కడి ఆదివాసీ స్త్రీల రొమ్ము క్యాన్సర్ అంకె అర్థం లేనిదైపోతుంది. పేరుల్లో పొరపాటు కొలంబస్ చేసినా, దాని భారం ఇప్పటికీ వాళ్లే మోస్తున్నారు. కాబట్టి మీరు దిద్దించే ఆ ఒక్క గడి రెండు కుటుంబాల లెక్కను సరిచేస్తుంది.

రక్తం గురించి ఫ్రీమాంట్ గారన్న మాట ముఖ్యమైనది. జాతి గడి కారణం కాదు, కారణం ఎక్కడ వెతకాలో చూపే గుర్తు మాత్రమే. ఎడిసన్ గారు రాసిన నల్లజాతి స్త్రీల 40 శాతం సంగతే తీసుకోండి. ఆ అంకె లేకపోతే బీమా, ఆలస్యంగా అందే వైద్యం, కొన్ని రకాల కణితులు వారిలో ఎక్కువగా ఉండటం, వీటిలో ఏది ఎంత అని అడిగేవారే ఉండరు.

జవాబు: డల్లాస్ రిజిస్ట్రార్

ఫ్రీమాంట్ గారికి ఒక వాస్తవం చెప్పాలి. 'చెప్పదలచుకోలేదు' అని టిక్కు పెట్టినంత మాత్రాన కేసు రిజిస్ట్రీకి వెళ్లకుండా ఆగదు. పేరు, చిరునామా, జబ్బు వివరాలు చట్టప్రకారం రాష్ట్ర రిజిస్ట్రీకి ఎలాగూ వెళ్తాయి, రోగి అనుమతి అడగరు. అక్కడ వాటికి గోప్యత చట్టాలున్నాయి, పరిశోధకులకు మామూలుగా ఇచ్చే ఫైల్లో పేర్లు ఉండవు. జాతి చెప్పనందువల్ల మారేది ఒక్కటే, ఆ వరుసలో 16 ఉండాల్సిన చోట 99 ఉంటుంది. దాచుకున్నామనుకున్నది దాగదు, మేలు జరగాల్సిన చోట మాత్రం మనిషి కనబడకుండా పోతాడు. మీ భయం తప్పని అనను. ఆ భయానికి విరుగుడు చట్టంలో వెతకాలి గాని ఖాళీ గడిలో దొరకదని అంటున్నాను.

ఎడిసన్ వాసి

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. నిన్న రేడియేషన్‌కు వెళ్లినప్పుడు అరగంట ముందే వెళ్లి రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర అడిగాను. ఈసారి ఉన్నది వేరే ఆవిడ. తెరను మా వైపు తిప్పి చూపించింది. జాబితాలో పైన 'అమెరికన్ ఇండియన్' ఉంది, 'ఏషియన్' మీద నొక్కితే తప్ప తెరుచుకోని రెండో వరుసలో 'ఏషియన్ ఇండియన్' ఉంది. ఆ రెండో వరుస ఉందని తనకూ తెలియదని ఆవిడే అన్నది. తర్వాత అమ్మ వైపు తిరిగి, నెమ్మదిగా, మీరు ఎక్కడ పుట్టారని అడిగింది. నేను చెప్పబోయేలోపే అమ్మ, "ఇండియా, ఆంధ్రప్రదేశ్, తెనాలి దగ్గర కొలకలూరు" అంది. ఆవిడ దేశం పేరు ఎక్కించి, మిగతా పేర్లకు ఇందులో చోటు లేదండీ అని నొచ్చుకుంది. కారులో అమ్మ, "మొదటిరోజే నన్ను అడిగితే చెప్పేదాన్ని కదరా" అంది. నా దగ్గర జవాబు లేదు.

రిజిస్ట్రార్ గారూ, ఒక చివరి సందేహం. ఇప్పుడు మార్చినది రాష్ట్ర రిజిస్ట్రీ దాకా చేరుతుందా, లేక పాత 03 ఇప్పటికే వెళ్లిపోయి ఉంటుందా?

జవాబు: డల్లాస్ రిజిస్ట్రార్

మార్చిలో తేలిందన్నారు. మామూలుగా ఆసుపత్రులకు కేసు పూర్తిచేసి పంపడానికి ఆరు నెలల వ్యవధి ఉంటుంది, రేడియేషన్ ఇంకా నడుస్తోంది కాబట్టి బహుశా ఇంకా పంపి ఉండరు. అయినా అనుమానం ఉంచుకోకండి. ఆసుపత్రి స్విచ్‌బోర్డుకు ఫోన్ చేసి క్యాన్సర్ రిజిస్ట్రీకి కలపమనండి, మాకు ఫోన్ చేసే రోగులు చాలా అరుదు కాబట్టి శ్రద్ధగా వింటారు. అమ్మగారి పేరు, పుట్టినతేదీ చెప్పి, రేస్, పుట్టిన దేశం సవరించామని చెప్పండి. కేసు ఇప్పటికే వెళ్లి ఉంటే సవరణ రికార్డు పంపుతారు, రాష్ట్రంలో పాతదాని స్థానంలో కొత్తది చేరుతుంది. తెనాలి, కొలకలూరు పేర్లు కూడా చెప్పండి. మా రికార్డులో నోట్లు రాసుకునే ఖాళీ చోటు ఉంటుంది, నేనైతే అక్కడ రాసుకుంటాను.